నేల గడ్డకట్టక ముందే

తార్తు, బఠాణీ వీధి
అక్టోబరు 6

శ్రీమతి మారిస్ గారికి,

హెల్యు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు, మీ ఉత్తరంలోనే కనిపించింది. ఒంట్లో బాగాలేనివాళ్ళూ ఇంట్లో బాగాలేనివాళ్ళూ గులాబీల మీద పైన్ ఆకులు ఎప్పుడు కప్పాలని పొరుగూరికి ఉత్తరాలు రాయరు.

మీ కవరు అందినప్పుడు నేను క్యాబేజీ తరిగి ఉప్పులో ఊరేస్తున్నాను. దాని మీద వోసు ముద్ర చూసి, కాల్యోకి ఏదో అయిందనుకుని, తడిచేతులతోనే చించాను. విడాకులు తీసుకుని నాలుగేళ్ళయినా చేతులకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. తీరా చూస్తే గులాబీలు. కుర్చీలో కూలబడి, పిచ్చిదానిలా కాసేపు నవ్వుకున్నాను.

'ఇలాంటివి హెల్యుకే తెలుస్తాయి, ఆవిడ చేతిలో ఒక్క మొక్కా చలికి చావలేదు' అని కాల్యో అంటున్నాడని రాశారు. సంతోషం. కాపురం చేసినన్నాళ్ళూ ఆ మాట నాతో అనలేదు. నేను తోటలో నడుం విరిగేలా పని చేస్తుంటే, ఆయన వరండాలో కూర్చుని పొగబెట్టిన చేపలు ఒలుచుకు తింటూ, 'ఇంకా ఎంతసేపు, సూపు చల్లారిపోతోంది' అనేవాడు. ఇప్పుడు మీ చేత ప్రశంసాపత్రం పంపాడు. గోడకి తగిలించుకుంటాను.

ఉత్తరంతోపాటు ఫోటో కూడా పెట్టారు. బాగా పడ్డారు. ఆ వయసులో ఎవరైనా బాగానే పడతారు. మీ చేతిలో ఉన్న చెక్కపళ్ళ కర్ర చూశాను. 'ఆకులు లాగడానికి కొట్టంలో మంచి పళ్ళకర్ర ఒకటి దొరికింది' అని రాశారు. దొరకడమంటే పోయినది కనబడటం. అది పోలేదండీ, దాని చోట్లో అది ఉంది. మా నాన్న బిర్చ్ కర్ర చెక్కి చేసి ఇచ్చాడు. పిడికి చుట్టిన నీలం గుడ్డ నా పాత ఏప్రన్‌ది, నా అరచేతులు బొబ్బలెక్కితే చుట్టుకున్నాను. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. పోనీలెండి, వాడుకోండి. వాడకపోతే చెక్క పగులుతుంది.

నా సంగతి అడిగారు. ఓ పాత చెక్క ఇంట్లో కింది వాటా నాది. కిటికీ కింద మంచం పట్టేంత నేల నా వంతుకి వచ్చింది. ఇంతవరకూ అందులో ఏమీ వేయలేదు. పక్కవాటా వాళ్ళు వెల్లుల్లి వేసుకుంటామని అడిగారు, ఇవ్వలేదు. ఈ వీధిలో మందుకైనా ఒక పైన్ చెట్టు లేదు. ఉన్నవన్నీ లిండెన్ చెట్లు, వాటి ఆకులు వానకి ముద్దయి చెప్పులకంటుకుంటాయి. మీకేమండీ, ఏడు పైన్ చెట్లున్నాయి. సముద్రపు గాలి ఒక్క రోజు గట్టిగా వీస్తే దారంతా రాగిరంగు సూదుల పరుపవుతుంది. దాని మీద నడిస్తే అడుగుల చప్పుడు వినపడదు. నేనింకా అక్కడ కాపురం ఉండగానే, కాల్యో అప్పటి మీ ఇంటి నుంచి ఆ దారినే వచ్చేవాడు.

ఇక మీరు అడిగిన విషయం.

పసుపు గులాబీలూ, కంచె మీది తీగా ఎలా పోయినా నాకు బాధ లేదు, అవి బజారులో కొన్నవి. ఆవిరిస్నానం కొట్టం గోడ పక్కన ఉన్న తెల్లది వేరు. అది మా అమ్మది. నా పెళ్ళినాడు వేరుపిలకని తడిపిన మేజోడులో చుట్టి తెచ్చి, అందరూ బల్ల చుట్టూ చేరి పాడుతుంటే, ఒక్కతే పెరట్లోకి వెళ్ళి నాటి వచ్చింది. పెళ్ళిబట్టల మీద మట్టేమిటని అత్తగారు అడిగితే, పిల్లని ఇచ్చిన చోట వేరు కూడా ఇవ్వాలి కదా అందట. అమ్మ పోయి చాలాకాలమైంది. ఆ మొక్క ఇంకెక్కడా లేదు.

మరి తీసుకెళ్ళలేదేం అని మీరు అడగరు, మర్యాదస్తులు. నేనే చెప్తాను. నేను ఆ ఇల్లు వదిలింది జూలైలో. నీకేం కావాలో తీసుకో అని కాల్యో చేతులు చాచి చూపించాడు. కాఫీ గింజల మర తీసుకున్నాను, గోడగడియారం తీసుకున్నాను. పూత మీదున్న గులాబీని జూలైలో పెకలిస్తే బతకదు. ఆకురాలే కాలం రానీ, నేల గడ్డకట్టక ముందు వచ్చి తవ్వుకుపో అన్నాడు. ఆ ఆకురాలే కాలానికి మీరు వచ్చేశారు. మీ కర్టెన్లు వేలాడుతున్న ఇంటి పెరట్లోకి పారపట్టుకుని రావడానికి నాకు ముఖం చెల్లలేదు.

సరే. ఆకులు కప్పడం. ఆలస్యం చేయకండి, ఈ వారమే కప్పేయండి. చలి తగలక ముందే మొక్కకి వెచ్చదనం అందాలి. ముందు మొదళ్ళు బాగా తడపండి. తర్వాత పైన్ ఆకులు మోకాలెత్తు పోసి, గాలికి లేచిపోకుండా కాలితో గట్టిగా తొక్కండి. తెల్లదానికి ఇంకో రెండు బుట్టలు ఎక్కువ వేయండి. కంచె అవతల లైదా ఉంది కదా, నవంబరులో మార్త్ పండగ దాకా ఆగమని సన్నాయి నొక్కులు నొక్కుతుంది. పట్టించుకోకండి. లైదా తెలివి బంగాళాదుంపల దగ్గర ఆగిపోయింది.

అంతే. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మీ మేలుకోరే,
హెల్యు

తా.క. కప్పాక ఒక ముక్క రాయండి. తెల్లదాన్ని మరిచిపోకండి.


వోసు
అక్టోబరు 14

గౌరవనీయులైన హెల్యు గారికి,

మీ ఉత్తరం అందింది. అంత ఓపిగ్గా, అంత వివరంగా రాస్తారనుకోలేదు. నా ఉత్తరం చింపి పొయ్యిలో వేస్తారేమోనని భయపడ్డాను. మీ మంచితనానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

మీరు చెప్పింది చెప్పినట్టు చేశాం. శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. నేను ఆకులు లాగుతుంటే కాల్యో సంచీ మూతి తెరిచి పట్టుకున్నాడు. ఒకటే హాస్యాలు. 'ఈ సూదులన్నీ గుచ్చి నిన్ను ముళ్ళపందిని చేస్తా' అంటూ గుప్పెడు తీసి నా జాకెట్టు మెడలో వేశాడు. చిన్నపిల్లల్లా పరిగెత్తాం. ఆయన మోకాలి నొప్పి ఇప్పుడు బాగా తగ్గింది, పొద్దున్నే సముద్రపు ఒడ్డుదాకా నడుస్తున్నాడు. వచ్చేటప్పుడు నాకోసం బేకరీ నుంచి యాలకుల రొట్టె తెస్తున్నాడు. పని అయ్యాక ఆపిల్ కేకు చేశాను. సగం ఆయనే తిన్నాడు.

మధ్యలో లైదా కంచె మీదికి వాలి సంచులు చూసింది. మీరన్నట్టే అంది. 'మార్త్ పండగ వేషగాళ్ళు ఇంకా తలుపు తట్టనే లేదు, ఇప్పుడే ఆకులేమిటే అమ్మాయ్, ఎలుకలకి పెళ్ళిపందిరి వేస్తున్నావా' అంది. హెల్యు గారు ఇలా చేయమని రాశారండీ అన్నాను. ఆవిడ నోరు మూతపడింది. కంచె మీంచి చేతులు తీసేసి, 'హెల్యు చెప్పిందా, అయితే సరే, ఆవిడకి ఏదో తెలిసే ఉంటుంది' అని వెళ్ళిపోయింది. తను కూడా ఈ వారమే కప్పేస్తానంది.

తెల్లగులాబీకి మాత్రం నేనొక్కదాన్నే కప్పాను, కాల్యోని రానివ్వలేదు. మీ అమ్మగారు ఒక్కరే నాటారని రాశారు కదా. మీరు చెప్పిన రెండు బుట్టలకి ఇంకొకటి కలిపి వేశాను. గట్టిగా తొక్కాను. మీ పళ్ళకర్ర కడిగి, తుడిచి, దాని చోట్లో పెట్టాను.

మళ్ళీ మళ్ళీ కృతజ్ఞతలతో,
మారిస్

తా.క. వచ్చే జూన్‌లో తెల్లది పూసినప్పుడు ఫోటో తీసి పంపుతాను.


తార్తు
అక్టోబరు 20

మారిస్,

చదవడం ఇక్కడ ఆపు. ముందు పెరట్లోకి వెళ్ళి తెల్లగులాబీ మీద ఉన్న ఆకులు తీసేయ్. పళ్ళకర్రతో లాగకు, బెరడు చీరుకుపోతుంది, చేత్తో తియ్యి. మొదలు కనబడేదాకా తియ్యి. తర్వాత మిగతా వాటివీ తియ్యి. లైదాకి కూడా చెప్పు. అయ్యాక వచ్చి చేతులు కడుక్కుని మిగతాది చదువు.

తీశావా? సరే, ఇప్పుడు విను. ఆకులు కప్పడం గురించి నీకు నేను రాసింది అబద్ధం. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తలకిందులు చేసి రాశాను. 'మీరు', 'గారు' అంటూ రాయడం కూడా అందులో భాగమే, అందుకే ఇక అవి వద్దు. నువ్వూ నన్ను నువ్వనే పిలువు.

అక్టోబరులో నేల ఇంకా వెచ్చగా ఉంటుంది. ఇప్పుడు తడిపి, మందంగా పోసి తొక్కితే లోపల బెరడు ఉడికి నల్లబడుతుంది. ఎలుకలు చలికాలానికి ఇల్లు వెతుక్కునేది కూడా ఇప్పుడే. వెచ్చటి ఆకుల కింద చేరి, తీరిగ్గా బెరడు చుట్టూ కొరుక్కు తింటాయి. ఏప్రిల్‌లో ఆకులు తీసేసరికి ఒలిచిన పుల్ల మిగులుతుంది. లైదా అన్నది అక్షరాలా నిజం. ఆవిడ తెలివి బంగాళాదుంపల దగ్గర ఆగలేదు. నా పేరు విని నోరు మూసుకుందని రాశావు చూడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒంటరిగా ఉన్న గదిలో తలుపు వైపు చూశాను. ఆ ఊళ్ళో నాకు మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని పట్టుకుని నేను ఎలుకలకి పందిరి వేయించాను.

సరైన పద్ధతి ఇది. మార్త్ పండగ దాటనీ. నేల మడమ కింద గట్టిగా, కరకరమనాలి. అంతవరకూ మొక్క మంచు తిననీ, దానికి అది అవసరం. అప్పుడు మొదట్లో పొడిమట్టి కుప్పగా పోసి, దాని మీద పొడిగా ఉన్న పైన్ ఆకులు వదులుగా, జానెడెత్తు చల్లు. తొక్కకు. అందరూ దాన్ని దుప్పటి అనుకుంటారు. వెచ్చగా ఉంచడానికి కాదు మనం కప్పేది. గడ్డకట్టిన నేలని అలాగే ఉంచడానికి కప్పుతాం. ఫిబ్రవరిలో రెండు రోజులు ఎండ కాసి, వసంతం వచ్చిందని మొక్కని నమ్మించి, మూడో రోజు మళ్ళీ చలి కొడుతుంది. చచ్చేది ఆ మోసానికే. పైన్ ఆకు ఆ ఎండని లోపలికి రానివ్వదు, గాలిని మాత్రం ఆడనిస్తుంది. వానకి ముద్దవదు. వేరే ఆకులు అలా కాదు. ఇదంతా మా అమ్మ చెప్పింది. నేను దీన్ని ఎవరికీ తప్పుగా చెప్పలేదు, నీకు తప్ప.

ఎందుకు చెప్పానో కూడా రాస్తాను. నీ మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను మారిస్. కాల్యో గురించి అనుకుంటావేమో, ఆయన కోసం ఏడవడం రెండో ఏడు వెల్లుల్లి పీకే వేళకి మానేశాను. ఆ ఫోటో చూసినప్పుడు నాకు మండింది పళ్ళకర్ర చూసి, నీ వెనక గోడ పక్కన ఆ పొద చూసి. నేనున్నప్పటి కంటే గుబురుగా ఉంది. నేను లేకపోతే అది కాస్త చిక్కుతుందనుకున్నాను. సిగ్గులేకుండా ఎదిగింది. జూన్‌లో పూస్తుంది, నువ్వు ఒక కొమ్మ కోసి బల్ల మీద పెడతావు, ఎవరో వచ్చి ఎంత బాగుందో అంటారు, నువ్వు థాంక్స్ అంటావు. ఆ థాంక్స్ నాది. నాకు లేనిది నీకూ ఉండకూడదనిపించింది. చచ్చిపోతే ఇద్దరికీ ఉండదు, లెక్క సరిపోతుంది అనుకున్నాను. కవరు అంటించి పోస్టు చేసి, ఆ రోజు హాయిగా భోజనం కూడా చేశాను.

నీ జవాబు వచ్చింది. మొదటి సగం చదివి ఇంకా మండిపోయాను. యాలకుల రొట్టె అట, ముళ్ళపంది అట. నా పక్కన అన్నేళ్ళున్న మనిషి ఒక్క ఏడాది, ఒక్క పూట, సంచీ మూతి పట్టుకోలేదు. నేను సంచీ అంచు ఒకటి పళ్ళతో పట్టుకుని, ఇంకొకటి చేత్తో పట్టుకుని నింపేదాన్ని. ఆకుపొడి నోట్లోకి పోయి దగ్గొచ్చేది. 'లోపలికొచ్చి దగ్గొచ్చు కదా' అనేవాడు. నీకైతే పట్టుకున్నాడు. ఆ మాట నీ ఉత్తరంలో మళ్ళీ మళ్ళీ వెతుక్కుని చదివాను, పుండు మీద కారం చల్లుకుంటున్నట్టు.

తర్వాత రెండో సగం. తెల్లదాన్ని నువ్వొక్కదానివే కప్పావనీ, కాల్యోని రానివ్వలేదనీ, ఇంకో బుట్ట కలిపావనీ. మా అమ్మ ఒక్కతే నాటిందని నేను నిన్ను పొడవడానికి రాశాను. నువ్వు దాన్ని ఆజ్ఞలా తీసుకున్నావు. అప్పుడు నాకు కనబడింది, మా అమ్మ పెళ్ళిబట్టల మీద మట్టితో నాటిన మొక్కని నేను నీ కాళ్ళతో తొక్కించి చంపుతున్నానని. కాల్యో చేసినదానికి నిన్నూ, నువ్వు చేసినదానికి దాన్నీ శిక్షించడం నా అన్యాయం. దానికి ఇవేమీ తెలియవు.

ఇప్పటికీ నీ మీద నాకు ఈర్ష్య ఉంది. అది పోయిందని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. ఉండనీ. మొక్క మాత్రం బతకాలి.

హెల్యు

తా.క. కాల్యో నిజంగా సంచీ పట్టుకున్నాడా? జవాబు రాయకపోయినా ఫరవాలేదు.


వోసు
అక్టోబరు 27

హెల్యు గారికి,

'నువ్వు' అనమన్నారు. ఇంకా నోరు తిరగడం లేదు. నాలుగేళ్ళుగా మనసులో మిమ్మల్ని 'ఆవిడ' అనే తిట్టుకున్నాను, 'నువ్వు'కి కొంచెం టైము పడుతుంది.

మీరు చదవడం ఆపమన్న చోట ఆపాను. ఉత్తరం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. తెల్లగులాబీ ముందు నిలబడ్డాను. తీయడానికి అక్కడ ఆకులేమీ లేవు. నేను కప్పలేదు.

నేను హీయుమా దీవి పిల్లని హెల్యు గారూ. మా ఊళ్ళో ఇసకనేల, పైన్ చెట్లు, ఎలుకలు తప్ప ఇంకేమున్నాయి. నేల గడ్డకట్టక ముందు కప్పకూడదని అక్కడ బడికెళ్ళని పిల్లలకి కూడా తెలుసు. మీ మొదటి ఉత్తరం చదివి 'మొదళ్ళు తడపండి, కాలితో తొక్కండి' అన్న దగ్గర పైకే నవ్వాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చివరికి ఒక తప్పు దొరికింది, హెల్యు కావాలని చేసిన తప్పు.

ఈ ఇంట్లో మీతో కాపురం చేయడం ఎంత కష్టమో మీకు తెలియదు. రొట్టె కోస్తే 'హెల్యు పలచగా కోసేది'. క్యాబేజీ ఊరేస్తే 'హెల్యు సోపు గింజలు వేసేది'. మొదటి శీతాకాలం నేను సరిగ్గానే, మా అమ్మ నేర్పినట్టే ఆకులు కప్పాను. వసంతంలో అన్నీ చిగురించాయి. లైదా కంచె మీదికి వాలి, 'హెల్యు గులాబీలు ఎంత గట్టివో చూడు' అంది. ఏటా కప్పేది నేను, పేరు మీది. ఇప్పుడు మీరు తప్పు చెప్పినా ఆవిడ నమ్మేసింది చూడండి. నా ఉత్తరంలో అదొక్కటే నిజం. మూటగట్టి పెట్టిన సంచులు చూసి అడిగింది, మీ పేరు చెప్పగానే నోరు మూసుకుంది. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. మర్నాడు వెళ్ళి, ఇప్పుడే కప్పకండని ఆవిడకి చెప్పి వచ్చాను, మీ గురించి ఏమీ అనలేదు.

కప్పేశానని రాసింది, మీరేం చేస్తారో చూద్దామని. మీరు నోరు మూసుకుని ఉంటే మీ ఉత్తరాన్ని లైదా చేతికిచ్చి పైకి చదివించాలనుకున్నాను. ఊరంతా వినేలా. మీరు నోరు మూసుకోలేదు. 'ముందు పెరట్లోకి వెళ్ళు' అన్నారు. లేని ఆకులు తీయడానికి వెళ్ళి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను. చలికి చేతులు మొద్దుబారాయి. అప్పుడు కూడా మీ మీద అసూయే వేసింది. నేనైతే ఆ రెండో ఉత్తరం రాసి ఉండేదాన్నా అని.

ఉంటాను,
మారిస్

తా.క. లేదు. సంచీ పట్టుకోలేదు. ముళ్ళపందీ లేదు, యాలకుల రొట్టే లేదు. కేకు నేనొక్కదాన్నే మూడు రోజులు తిన్నాను. కాల్యో ఆగస్టులోనే వెళ్ళిపోయాడు. హాప్సలులో ఊర్వె అని ఒకామె ఉంది, డాలియాలు పెంచుతుంది. మార్త్ పండగకి ఆమెని తీసుకొచ్చి ఇల్లు చూపిస్తాడట, ఈలోగా నన్ను ఖాళీ చేయమన్నాడు. ఇల్లు వాళ్ళ నాన్నది, నేనేమీ అనలేను. మా అమ్మ దగ్గరికి హీయుమా వెళ్ళిపోతున్నాను.

మీకు మొదటి ఉత్తరం రాసింది ఆకుల కోసం కాదు. మొక్క తీసుకెళ్ళమని చెబుదామని కూర్చున్నాను. మిమ్మల్ని వదిలి నాకోసం వచ్చిన మనిషి నన్నూ వదిలేశాడని మీకే ఎలా రాయను. చెయ్యి రాలేదు. ఆకుల గురించి అడిగాను. అడిగాక, ఆయన ఇంకా ఇక్కడే ఉన్నట్టు రాయడం బాగుంది. నన్ను చూసి అసూయపడే మనిషి ఈ లోకంలో మీరొక్కరే మిగిలారు. ఇంకొక్క ఆకురాలే కాలం మీరు అలాగే అసూయపడితే బాగుండుననిపించింది.

తెల్లదాని కొమ్మలు మోకాలెత్తుకి కత్తిరించి, తాడుతో కట్టి ఉంచాను. వేరుపిలకలు రెండున్నాయి, ఒకటి నాకు ఇస్తే హీయుమాలో నాటుకుంటాను, ఇవ్వకపోయినా ఏమీ అనుకోను. మీ వీధిలో పైన్ చెట్లు లేవన్నారు కదా, పొడి ఆకులు రెండు సంచులు నింపి కొట్టంలో పెట్టాను. ఒకదాని అంచు పళ్ళతో పట్టుకునే నింపాను, మీరు చెప్పినట్టు దగ్గొచ్చింది. పళ్ళకర్ర కూడా పక్కనే ఉంది. కిటికీ కింద ఆ మంచమంత నేల ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా?

త్వరగా రా హెల్యు. ఇక్కడ నేల ఇంకా మెత్తగానే ఉంది. ఈ ఇంటి పార కాల్యో పోయిన వారం వచ్చి పట్టుకుపోయాడు, ఊర్వె డాలియా దుంపలు తవ్విపెట్టాలట. నీ పార నువ్వు తెచ్చుకో. సంచీ నేను పట్టుకుంటాను.